ఒకే యంత్రం – ఒకే కొలత

పాఠ్యభాగ ఉద్దేశం

కొలత లేనిదే విజ్ఞానశాస్త్రం లేదు. ఒకరు కొలిచినది మరొకరు కొలిచినప్పుడు కూడా నిలిస్తేనే ఆ కొలతకు ప్రామాణ్యం కలుగుతుంది. యంత్రాలు చేసే శబ్దాన్ని వేర్వేరు ప్రయోగశాలలు కొలిచినప్పుడు ఫలితాలు ఎందుకు భేదిస్తాయో, ఆ భేదాన్ని శాస్త్రజ్ఞులు ఏ విధంగా తగ్గిస్తున్నారో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. శాస్త్రవిషయాన్ని తెలుగులో స్పష్టంగా చెప్పే పద్ధతిని విద్యార్థులకు పరిచయం చేయడం మరొక ఉద్దేశం.

పాఠ్యభాగం

పూలబజారులో మల్లెలను మూర లెక్కన అమ్ముతారు. మోచేతి నుంచి వేలి కొన దాకా ఉన్న పొడవు మూర. అమ్మే మనిషి చేయి పొడవైతే కొనేవారికి లాభం, పొట్టిదైతే నష్టం. మాలలో నాలుగు పూలు తగ్గినందువల్ల ఎవరికీ ప్రమాదం లేదు కనుక ఆ కొలత నేటికీ సాగుతున్నది. ధాన్యం, బంగారం, భూమి విషయంలో మాత్రం అట్లా సాగలేదు. ఒక సీమ కుంచానికీ మరొక సీమ కుంచానికీ తేడా ఉన్నంతకాలం రైతుకూ వర్తకునికీ మధ్య తగవులు తప్పలేదు. 1956లో వచ్చిన తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం దేశమంతటికీ మెట్రిక్ పద్ధతిని విధించి, ఆ తగవులను చాలావరకు తీర్చింది.

పొడవుకూ బరువుకూ ఈ విధంగా ఒక కట్టుబాటు ఏర్పడింది. మరి శబ్దం మాట ఏమిటి? ఒక కర్మాగారంలో తయారైన డీజిల్ జనరేటర్‌ను ఒక ప్రయోగశాల పరీక్షించి, అది నిర్ణీత పరిమితికి లోబడే ఉన్నదని చెప్పిందనుకుందాం. అదే యంత్రాన్ని మరొక ప్రయోగశాల పరీక్షించి, పరిమితిని మించిందని తేల్చిందనుకుందాం. అప్పుడు ఎవరి మాటను నమ్మాలి? తయారీదారుని పెట్టుబడి ఒక పక్క, ఆ యంత్రం పక్కన రోజంతా నిలబడే కార్మికుని వినికిడి మరొక పక్క ఈ ప్రశ్నపైననే ఆధారపడి ఉన్నాయి.

ధ్వనిని కొలవడం

శబ్దం ఆకాశగుణమని మన తార్కికులు భావించారు. మాటకు అందని అర్థాన్ని స్ఫురింపజేసే శక్తికి కావ్యశాస్త్రజ్ఞులు 'ధ్వని' అని పేరు పెట్టారు. కావ్యధ్వని సహృదయుని సంస్కారాన్ని బట్టి ఒక్కొక్కరికి ఒక్కొక్క మేర అందుతుంది. అది కావ్యానికి శోభ. యంత్రధ్వని విషయంలో అది పనికిరాదు. దానిని ఎవరు కొలిచినా, ఎక్కడ కొలిచినా, ఒకే విలువ రావాలి.

భౌతికశాస్త్రం ప్రకారం శబ్దం గాలి పీడనంలో కలిగే అత్యల్పమైన ఒడుదొడుకు. ఆరోగ్యవంతుడైన యువకుని చెవి 20 మైక్రోపాస్కల్‌ల పీడనభేదాన్ని కూడా గుర్తించగలదు. చెవికి నొప్పి కలిగించే శబ్దంలో ఈ భేదం దానికి దాదాపు పది లక్షల రెట్లు ఉంటుంది. ఇంత విస్తారమైన పరిధిని మామూలు అంకెలతో చెప్పడం కష్టం కాబట్టి సంవర్గమాన పద్ధతిలో 'డెసిబెల్' అనే కొలమానాన్ని ఏర్పరచుకున్నారు. టెలిఫోన్ శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ గ్రాహంబెల్ పేరు మీదుగా దీనికి ఆ పేరు వచ్చింది.

డెసిబెళ్ళను మామూలు అంకెల మాదిరిగా కూడరాదు. 80 డెసిబెళ్ళ యంత్రం పక్కన మరొక 80 డెసిబెళ్ళ యంత్రాన్ని నడిపితే మొత్తం 160 కాదు, 83 మాత్రమే అవుతుంది. అంటే 3 డెసిబెళ్ళ పెరుగుదలకు అర్థం ధ్వనిశక్తి రెట్టింపు కావడమే. అంకె చిన్నదిగా కనిపించినా పర్యవసానం చిన్నది కాదు. వినికిడి రక్షణకు అనేక దేశాలు పాటించే నియమం ప్రకారం 85 డెసిబెళ్ళ శబ్దంలో 8 గంటలు పనిచేయడంవల్ల చెవిపై పడే భారం, 88 డెసిబెళ్ళ శబ్దంలో 4 గంటలలోనే పడుతుంది. కాబట్టి ఒక ప్రయోగశాల 3 డెసిబెళ్ళు తక్కువగా కొలిస్తే, ఆ పొరపాటు కాగితం మీద ఒక చిన్న అంకె. కార్మికుని చెవికి మాత్రం అది రెట్టింపు భారం.

పీడనం వేరు, సామర్థ్యం వేరు

ఒక దీపాన్ని సున్నం వేసిన గదిలో పెడితే పుస్తకం మీద వెలుతురు ఎక్కువగా పడుతుంది. అదే దీపాన్ని పొగచూరిన వంటింట్లో పెడితే వెలుతురు తగ్గినట్లు కనిపిస్తుంది. దీపం మారలేదు, గోడలు మారాయి. శబ్దం విషయమూ ఇంతే. మైక్రోఫోన్ వద్ద గ్రహించేది ధ్వని పీడనం. అది యంత్రానికి ఎంత దూరంలో ఉన్నాము, గది ఎంత పెద్దది, గోడలు శబ్దాన్ని ఎంత పీల్చుకుంటున్నాయి అన్న విషయాలపై ఆధారపడుతుంది. అడ్డూ ప్రతిధ్వనీ లేని ఆరుబయట దూరం రెట్టింపు అయితే 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. మూసిన గదిలో అంతగా తగ్గదు.

యంత్రం ఒక సెకనులో వెలువరించే మొత్తం ధ్వనిశక్తిని 'ధ్వని సామర్థ్యం' అంటారు. దీపానికి వాట్ల లెక్క ఎట్లాంటిదో యంత్రానికి ఇది అట్లాంటిది. దీనికి ఆధారమైన విలువ 1 పికోవాట్, అనగా వాట్‌లో లక్షకోట్ల వంతులలో ఒక వంతు. గదిని బట్టి పెద్దగా మారనిది ఈ సామర్థ్యమే కనుక, ప్రయోగశాలల ఫలితాలను పోల్చడానికి ఇదే తగిన కొలత. అయితే దీనిని నేరుగా చూపే పరికరం సాధారణ ప్రయోగశాలలో లేదు. అనేక స్థానాలలో పీడనాన్ని కొలిచి, దాని నుంచి సామర్థ్యాన్ని లెక్కించాలి. చిక్కులన్నీ ఈ లెక్కలోనే మొదలవుతాయి.

మూడు మార్గాలు

మొదటి మార్గం ప్రతిధ్వనిరహిత గది. దీని గోడలకు శబ్దాన్ని పీల్చుకొనే కోణాకారపు దిమ్మెలను అమరుస్తారు. యంత్రం నుంచి వెలువడిన శబ్దం తిరిగి రాదు. కాబట్టి యంత్రం చుట్టూ ఊహించుకున్న గోళం మీద మైక్రోఫోన్లను ఉంచి కొలుస్తారు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో లియో బెరనెక్ ఇటువంటి పెద్ద గదిని నిర్మింపజేశాడు.

రెండవ మార్గం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇందులో గట్టి గోడల మధ్య శబ్దం పదేపదే పరావర్తనం చెంది గది అంతటా నిండుతుంది. దీనిని ప్రతినాద గది అంటారు. ఈ మార్గానికి మూలపురుషుడు వాలెస్ క్లెమెంట్ సబీన్. 1895లో హార్వర్డ్‌లోని ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో మాటలు ఒకదానిపై ఒకటి పడి ఏమీ వినిపించని స్థితి ఏర్పడింది. దానిని సరిచేసే బాధ్యత ఈ యువ అధ్యాపకునిపై పడింది. ఊరు సద్దుమణిగిన రాత్రివేళల్లో, పక్క రంగశాల నుంచి మెత్తలు మోయించి తెచ్చి పరచి, ఆర్గాన్ గొట్టాన్ని మోగించి, నాదం ఎంతసేపటికి అణగారుతుందో లెక్కించాడు. ఒక గది శబ్దాన్ని ఎంత పీల్చుకుంటుందో అంకెలలో చెప్పడం ఆయన కృషి వల్లనే సాధ్యమైంది.

మూడవ మార్గం ఆచరణలో ఎక్కువగా కనిపించేది. యంత్రాన్ని గట్టి నేల మీద, విశాలమైన స్థలంలో ఉంచి, దాని చుట్టూ అర్ధగోళాకారంలో మైక్రోఫోన్లను అమర్చి కొలుస్తారు. అంతర్జాతీయ ప్రమాణీకరణ సంస్థ ఈ మార్గాలన్నింటికీ వేర్వేరు ప్రమాణాలను రూపొందించింది. ఐ.ఎస్.ఓ. 3741 ప్రతినాద గదికి, 3745 ప్రతిధ్వనిరహిత గదికి, 3744 ఈ మూడవ మార్గానికి సంబంధించినవి.

భేదాలకు కారణాలు

ప్రమాణం ఒక్కటే అయినా ఫలితాలు భేదించడానికి పలు కారణాలు ఉన్నాయి.

మొదటిది నేపథ్య శబ్దం. యంత్రం ఆగి ఉన్నప్పుడు కూడా ఫ్యాన్లు, వాహనాలు, పక్కగది యంత్రాలు కొంత శబ్దం చేస్తూనే ఉంటాయి. నేపథ్యం కంటే మొత్తం శబ్దం 10 డెసిబెళ్ళు ఎక్కువగా ఉంటే, కొలిచిన విలువ నుంచి దాదాపు 0.5 డెసిబెల్ తీసివేయాలి. ఆ తేడా 6 డెసిబెళ్ళే అయితే 1.3 తీసివేయాలి. అంతకంటే తగ్గితే ఏది యంత్రం శబ్దమో ఏది పరిసరాల శబ్దమో విడదీయడం నమ్మదగిన పని కాదు.

రెండవది గది ప్రభావం. గోడ సమీపంగా ఉంటే పరావర్తనం చెందిన శబ్దం యంత్రధ్వనితో కలిసి విలువను పెంచుతుంది. ప్రతినాద గదిలో దీనికి భిన్నమైన చిక్కు ఉన్నది. తక్కువ పౌనఃపున్యం గల శబ్దాల శక్తి గోడల దగ్గర ఎక్కువగా పోగుపడుతుంది. గది నడుమ మాత్రమే కొలిచేవారు ఆ శక్తిని లెక్కలోకి తీసుకోలేరు. ఈ లోపాన్ని సవరించే సూత్రాన్ని 1955లో వాటర్‌హౌస్ ప్రతిపాదించాడు. నేటికీ అది ఆయన పేరుతోనే వాడుకలో ఉన్నది.

మూడవది పరికరం. మైక్రోఫోన్ కాలక్రమంలో మారుతుంది. అందువల్ల కొలతకు ముందూ తరువాతా క్రమాంకనం చేయాలి. సాధారణంగా 1000 హెర్ట్జ్‌ల వద్ద 94 డెసిబెళ్ళ శబ్దాన్ని ఇచ్చే చిన్న సాధనాన్ని మైక్రోఫోన్‌కు తొడిగి సరిచూస్తారు. ఆ స్థాయి 1 పాస్కల్ పీడనానికి సమానం.

నాలుగవది యంత్రాన్ని నిలిపే తీరు, నడిపే తీరు. ఒకచోట రబ్బరు దిమ్మెల మీద, మరొకచోట రేకు బల్ల మీద ఉంచితే, బల్ల కూడా కంపించి శబ్దం చేస్తుంది. ఒకరు యంత్రాన్ని పూర్తి భారంతో, మరొకరు సగం భారంతో నడిపితే, వారు కొలిచినవి నిజానికి రెండు వేర్వేరు శబ్దాలు. ప్రయోగశాలల మధ్య భేదాలు ఇటువంటి సామాన్యమైన అజాగ్రత్తల వల్ల కూడా కలుగుతాయి. అందుకే ఆయా రకాల యంత్రాలకు ప్రత్యేకమైన పరీక్షా నియమావళులను రూపొందిస్తారు.

అయిదవది గాలి. విశాఖ సముద్రతీరంలో ఉన్న గాలికీ, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాదు గాలికీ సాంద్రతలో తేడా ఉంటుంది. ఉష్ణోగ్రత, పీడనాలను నమోదు చేసి తగిన సవరణ చేయకపోతే ఆ తేడా ఫలితంలోకి చొరబడుతుంది.

ప్రయోగశాలల పోలిక

కచ్చితత్వానికి రెండు ముఖాలు ఉన్నాయి. ఒక విలుకాని బాణాలన్నీ ఒకే చోట నాటుకుంటాయి, కాని ఆ చోటు లక్ష్యానికి దూరం. మరొక విలుకాని బాణాలు లక్ష్యం చుట్టూ చెదిరి పడతాయి. మొదటివానికి నిలకడ ఉన్నది, యథార్థత లేదు. రెండవవానికి నిలకడ లేదు. మంచి కొలతకు ఈ రెండూ కావాలి. 1994లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 5725 ప్రమాణం ఈ భేదాన్ని వివరించింది. ఒకే వ్యక్తి, ఒకే పరికరంతో, ఒకే చోట మళ్ళీమళ్ళీ కొలిచినప్పుడు విలువలు కలవడాన్ని పునరావృతి అంటారు. వేర్వేరు ప్రయోగశాలల్లో, వేర్వేరు వ్యక్తులు కొలిచినప్పుడు కలవడాన్ని పునరుత్పాదన అంటారు. తన గదిలో తాను వందసార్లు కొలిచి ఒకే విలువ పొందిన వ్యక్తి సంతృప్తి పడవచ్చు. ఆ సంతృప్తి మొదటి విలుకాని సంతృప్తి వంటిది కావచ్చు. పొరుగువాని కొలతతో పోల్చుకున్నప్పుడే తన దోషం తెలుస్తుంది.

ఈ పోలిక కోసం నిలకడగా శబ్దం చేసే ఒక యంత్రాన్ని ఎంచుకొని, ఒక ప్రయోగశాల నుంచి మరొకదానికి వరుసగా పంపుతారు. ఒకరి ఫలితం మరొకరికి తెలియనీయరు. చివరకు యంత్రాన్ని మొదటి ప్రయోగశాలకు తెచ్చి మరల కొలుస్తారు. దారిలో యంత్రమే మారిపోయిందేమో తెలుసుకోవడానికి ఇది అవసరం.

ఉదాహరణకు అయిదు ప్రయోగశాలలు ఒకే యంత్రానికి 88.1, 88.6, 87.9, 88.4, 91.2 డెసిబెళ్ళు చూపాయని అనుకుందాం. సగటు తీస్తే 88.8 వస్తుంది. అప్పుడు సరిగా కొలిచిన నాలుగు ప్రయోగశాలలూ సగటు కంటే తక్కువ చూపినట్లు కనిపిస్తాయి. ఒకే ఒక్క విలువ సగటును తనవైపు లాగడం దీనికి కారణం. విలువలను వరుసగా పేర్చి నడుమనున్న దానిని తీసుకుంటే 88.4 వస్తుంది. దీనిని మధ్యగతం అంటారు. దానితో పోల్చినప్పుడు అయిదవ ప్రయోగశాల దాదాపు 3 డెసిబెళ్ళు దూరంగా ఉన్నదని స్పష్టమవుతుంది.

అంతమాత్రాన ఆ విలువను కొట్టివేయడం శాస్త్రపద్ధతి కాదు. ఎక్కువమంది చెప్పిందే సత్యం కావలసిన అవసరమూ లేదు. కారణాన్ని వెతకాలి. గోడ దగ్గరగా ఉన్నదా? క్రమాంకనం గడువు తీరిందా? యంత్రం కింద బల్ల కంపించిందా? కారణం దొరికిన తరువాత సవరించి మరల కొలవాలి. కారణం దొరకకపోతే ఆ విషయాన్ని కూడా నివేదికలో రాయాలి. ఈ పోలిక పరమావధి తప్పును తొలగించడమే. తప్పుచేసిన వారిని నలుగురిలో నిలబెట్టడం దాని పని కాదు. తన లోపం బయటపడుతుందని భయపడి పోలికకు రాని ప్రయోగశాల కంటే, లోపం బయటపడి దిద్దుకున్న ప్రయోగశాల విశ్వసనీయమైనది.

మూలప్రమాణం కోసం

అన్ని ప్రయోగశాలలూ ఒకదానితో ఒకటి కలిసినంత మాత్రాన యథార్థత సిద్ధించదు. అందరూ ఒకే పొరపాటు చేసి ఉండవచ్చు. బరువుల విషయంలో ఏ దుకాణపు తూకమైనా చివరకు జాతీయ ప్రమాణానికి ముడిపడి ఉంటుంది. ధ్వని సామర్థ్యానికి అటువంటి మూలప్రమాణం చాలాకాలం లేదు. ఈ లోటును తీర్చడానికి 2013 నుంచి 2016 వరకు జర్మనీ జాతీయ మాపన సంస్థ నాయకత్వంలో ఐరోపా శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన చేపట్టారు. నేలలో అమర్చిన ఒక పలకను కంపింపజేసి, ఆ కంపనవేగాన్ని లేజర్ కిరణంతో కొలిచి, దాని నుంచి వెలువడే ధ్వని సామర్థ్యాన్ని గణితసూత్రంతో లెక్కించారు. ఆ సూత్రానికి మూలం 19వ శతాబ్దిలో ధ్వనిశాస్త్రాన్ని క్రోడీకరించిన రేలీ ప్రభువు గణితమే. ఇందులో గది గోడల ప్రమేయం అత్యల్పం. ఆ పలకతో పోల్చి విలువ నిర్ణయించిన, ఫ్యాన్ వంటి ప్రామాణిక ధ్వనిజనకాన్ని ఇతర ప్రయోగశాలలకు చేర్చి, అక్కడి కొలతలను సరిచూడవచ్చు. మూలప్రమాణం నుంచి కర్మాగారం దాకా అవిచ్ఛిన్నమైన గొలుసు ఈ విధంగా ఏర్పడుతుంది.

నిజాయితీ గల అంకె

ఎంత జాగ్రత్త పడినా కొంత అనిశ్చితి మిగులుతుంది. ఐ.ఎస్.ఓ. 3744 పద్ధతిలో ప్రయోగశాలల మధ్య ప్రామాణిక విచలనం సాధారణంగా 1.5 డెసిబెళ్ళ వరకు ఉండవచ్చు. దానిని దాచకుండా చెప్పడమే శాస్త్రధర్మం. ఐ.ఎస్.ఓ. 4871 ప్రమాణం యంత్రధ్వనిని ప్రకటించేటప్పుడు కొలిచిన విలువతో పాటు అనిశ్చితిని కూడా చెప్పాలని నిర్దేశిస్తుంది. ఐరోపాలో ఆరుబయట వాడే అనేక యంత్రాలపై, ఈ అనిశ్చితిని కూడా కలిపి, ఇంతకు మించదని హామీ ఇచ్చే విలువను 2000 సంవత్సరపు ఆదేశం ప్రకారం ముద్రిస్తున్నారు.

మన దేశంలో 1000 కె.వి.ఎ. వరకు సామర్థ్యం గల కొత్త డీజిల్ జనరేటర్ల శబ్దం, వాటి ఆవరణ నుంచి 1 మీటరు దూరంలో 75 డెసిబెళ్ళు మించరాదనే నియమం 2005 జనవరి 1 నుంచి తయారైన వాటికి వర్తించింది. ఈ పరీక్షలకు గుర్తింపు పొందిన సంస్థలలో న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలతో పాటు విశాఖపట్నంలోని నౌకా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల కూడా ఉన్నది. ఢిల్లీలో 75 అయినది విశాఖలోనూ 75 కావాలి. అట్లా కానినాడు తయారీదారు కఠినమైన ప్రయోగశాలను వదలి, ఉదారమైన ప్రయోగశాలను వెతుక్కుంటాడు. అప్పుడు చట్టం పుస్తకంలోనే మిగులుతుంది.

జనరేటర్ పక్కన చదువుకొనే విద్యార్థికి గాని, ఆసుపత్రిలో నిద్రపట్టని రోగికి గాని, మరమగ్గాల నడుమ జీవితం గడిపే నేతకార్మికునికి గాని మైక్రోఫోన్ల గొడవ తెలియదు. తమకు అందిన అంకె నిజమైనదని వారు నమ్ముతారు. పోయిన వినికిడిని తిరిగి ఇచ్చే మందు లేదు. వారి నమ్మకాన్ని నిలబెట్టడానికే ఒక యంత్రం ఒక ప్రయోగశాల నుంచి మరొక ప్రయోగశాలకు ప్రయాణం చేస్తున్నది. పూలమాలకు మూర చాలు. మనిషి చెవికి అది చాలదు.

కఠిన పదాలు – అర్థాలు

ప్రామాణ్యం = నమ్మదగి ఉండడం
సంవర్గమానం = గుణకారాలను సంకలనాలుగా మార్చే గణిత సాధనం
పౌనఃపున్యం = ఒక సెకనులో జరిగే కంపనాల సంఖ్య
ప్రతినాదం = మూలధ్వని ఆగిన తరువాత కూడా గదిలో కొంతసేపు నిలిచే నాదం
క్రమాంకనం = పరికరాన్ని ప్రమాణంతో సరిచూడడం
అనిశ్చితి = కొలతలో మిగిలే సందేహపు మేర
అవిచ్ఛిన్నం = తెంపు లేనిది
పరమావధి = అంతిమ లక్ష్యం

ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ప్రయోగశాలల మధ్య యంత్రధ్వని కొలతలు భేదించడానికి గల కారణాలను వివరించండి.
2. ప్రయోగశాలల పోలిక ఏ విధంగా జరుగుతుంది? దానివల్ల ప్రయోజనం ఏమిటి?

II. సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. ధ్వని పీడనానికీ ధ్వని సామర్థ్యానికీ గల భేదం ఏమిటి?
2. సబీన్ చేసిన కృషిని తెలపండి.
3. అయిదు ప్రయోగశాలల ఉదాహరణలో సగటు కంటే మధ్యగతం ఎందుకు మేలైనది?

III. సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. "దీపం మారలేదు, గోడలు మారాయి."
2. "ఎక్కువమంది చెప్పిందే సత్యం కావలసిన అవసరమూ లేదు."

IV. ఒక్క మాటలో సమాధానం రాయండి.
1. రెండు 80 డెసిబెళ్ళ యంత్రాలు కలిసి నడిస్తే మొత్తం ఎంత?
2. ధ్వని సామర్థ్యానికి ఆధారమైన విలువ ఎంత?

V. వ్యాకరణం
1. విడదీసి సంధి పేరు రాయండి: అత్యల్పం, పరమావధి, యథార్థం.
2. విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి: యంత్రధ్వని, ప్రయోగశాల, ఉష్ణోగ్రతాపీడనాలు.